గొంగళి కప్పిన దానిమ్మచెట్టు

వసంతగిరి రాజ్యంలో చలికాలమంటే పొద్దున్నే కొంగు భుజాల మీదికి లాక్కోవడమే. కుంపటి ఎందుకని అడిగితే, తలంటుకున్నాక సాంబ్రాణి వేసుకోవడానికి అనేవాళ్ళు అక్కడి ఆడవాళ్ళు. అలాంటి రాజ్యం మీదికి మాంత్రికుడు హిమకరాళుడు ఉత్తరపు కొండల నుంచి మంచును తోలుకొచ్చి మూడు రోజులైంది.

వచ్చిన రోజే వాడు మహారాజును బంధించి తన మంచుగుహకు పంపేశాడు. కోటవాకిట్లో బారులు తీరిన ఆరువందల మంది సైనికుల మీద గుప్పెడు మంచుపొడి ఊదాడు. బల్లాలు గలగలమని నేలకూలాయి. వాటి మీదుగా పిచ్చుకలు, గోరింకలు, చిలకలు, పికిలిపిట్టలు గుంపులుగా లేచి ఆకాశమంతా అరిచాయి.

"వీటిని చంపడానికి కత్తులెందుకు? చలి చూసుకుంటుంది" అని నవ్వాడు హిమకరాళుడు.

ఆ పక్షుల్లో ఒకటి పున్నాగ భర్త నాగసూరి. అది వాటిలో ఏదో ఆమెకు తెలియదు.

పున్నాగ రాజోద్యానం తోటమాలి ఇంటి కోడలు. ఆ ఇంట ఆడపిల్లలకైనా కోడళ్ళకైనా పువ్వుల పేర్లే. అత్తగారి పేరు కనకాంబరం. మామగారు పోయాక తోటంతా ఈ ఇద్దరి చేతి మీదే నడుస్తోంది. తోట నడుమ ఒక దానిమ్మచెట్టుంది. నూరేళ్ళకొకసారి కాస్తుంది. ఈ ఏడు మూడు పళ్ళు కాసింది. పండు ఎర్రబారిన మూడో పొద్దుకు పగులుతుంది. అందులో ఒక్క గింజ తింటే చాలు, ఎంతటి మాయరూపమైనా వదిలిపోతుంది. పగలకముందే పండు కమిలిందా, నల్లరాయిగా మారిపోతుంది. పూర్వపు రాజులెవరో ఆ చెట్టుకు గట్టి కట్టు కట్టించారు. తోటమాలి ఇంటివాళ్ళ చేయి తప్ప ఇంకే మనిషి చేయీ, ఏ మంత్రమూ ఆ చెట్టును గానీ దాని మీద కప్పినదాన్ని గానీ తాకలేదు. హిమకరాళుడికి ఆ సంగతి తెలుసు. అందుకే చలినే నమ్ముకున్నాడు.

మొదటి పండు పగలవలసింది ఈ పొద్దునే.

తూర్పు ఇంకా తెల్లబారలేదు. పున్నాగ రోకలి పట్టుకుని పెరట్లోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది. మూడు రోజులుగా చూస్తున్నా ఆ దృశ్యానికి అలవాటు పడలేకపోతోంది. తోటంతా ఎవరో రాత్రికి రాత్రి వెండితో పోతపోసినట్టుంది. గడ్డిపోచ గడ్డిపోచకూ తెల్లటి నూగు. సాలెగూళ్ళు ముత్యాల వలల్లా బిగిశాయి. నేరేడు కొమ్మల నుంచి గాజుకడ్డీలు వేలాడుతున్నాయి. గాలి కదిలితే అవి ఒకదానికొకటి తగిలి, దూరాన ఎవరో చంటిపిల్ల కాళ్ళకు గజ్జెలు కట్టి నడిపిస్తున్నట్టు మోగుతున్నాయి. ప్రాణం తీసే వస్తువు ఇంత అందంగా ఉండడం ఆమెకు భయం కలిగించింది. అయినా చూడకుండా ఉండలేకపోయింది.

"దాన్ని చూస్తూ నిలబడితే పక్షుల కడుపులు నిండుతాయా?" అంది వెనక నుంచి కనకాంబరం.

"వస్తున్నా అత్తా."

పున్నాగ మూకుళ్ళలో గడ్డకట్టిన నీళ్ళను రోకలితో పగలగొట్టి పారబోసింది. గోరువెచ్చటి నీళ్ళు పోసింది. మరీ వేడిగా పోస్తే మట్టి మూకుడు పగులుతుంది, చల్లగా పోస్తే మాట్లాడుతుండగానే గడ్డకడుతుంది. రెండు మూకుళ్ళు పగిలాక తెలిసిన సంగతి అది. వంటింట్లో నుంచి రాకుమారుడు కీర్తిసాగరుడు గంపెడు ఉండలు మోసుకొచ్చాడు. సజ్జలు, నూకలు, నువ్వులు దంచి నెయ్యీ బెల్లమూ పోసి కట్టిన ఉండలు అవి. చలిలో ఒట్టి గింజలు తిని పక్షి తట్టుకోలేదని, ఒంట్లో కొవ్వుంటేనే తెల్లారేదాకా బతుకుతుందని మొదటి రోజు రాలిపోయిన ముప్పై పిచ్చుకలను చూశాక పున్నాగకు అర్థమైంది. కొబ్బరిచిప్పల్లో ఆ ఉండలు అదిమి, తాళ్ళు కట్టి కొమ్మకొమ్మకూ వేలాడదీసేది.

రాకుమారుడు చీర కట్టుకుని ఉన్నాడు. చేతులకు మట్టిగాజులు, మొహానికి పసుపు. హిమకరాళుడి మంచుకన్నుల భటులు గోడల మీద తిరుగుతూ అతని కోసం ఇల్లిల్లూ గాలిస్తున్నారు. ఈ ఇంట మాత్రం అతను పున్నాగ ఆడపడుచు మంకెన.

"ఆ నడకేంటి నాయనా, పులిని తోలుకొస్తున్నట్టు?" అంది కనకాంబరం. "ఆడపిల్ల అడుగు తీసి అడుగు వేస్తే నేల ఉలిక్కిపడకూడదు."

"కుచ్చిళ్ళు కాళ్ళకడ్డం పడుతున్నాయి పెద్దమ్మా. ఇవి కట్టుకుని మీరంతా నీళ్ళెలా మోస్తారు?"

"యుద్ధం చేసినట్టు మోస్తాం. మీ మగవాళ్ళకి తెలియని యుద్ధాలు శానా ఉన్నాయిలే."

నెయ్యి వాసనకు పక్షులు దిగాయి. ముందు రెండు, తర్వాత ఇరవై, తర్వాత లెక్క తెలియలేదు. ఒళ్ళంతా పూరించుకుని దూదిబంతుల్లా ఉన్నాయి. అంతలోనే తగువులు. ఒక చిలక గోరింకను తోసింది, గోరింక పిచ్చుకను పొడిచింది. పున్నాగ ఒక్కో ముక్కునూ, ఒక్కో కంటినీ వెతికింది. మనిషి చూపేదైనా కనిపిస్తుందేమోనని ఆశ. అన్నీ గుండ్రటి కళ్ళే. తాము మనుషులమన్న సంగతి వీటికి ఇంకా గుర్తుందో లేదో. ఆ ఆలోచన రాగానే ఆమె గంప భుజానికెత్తుకుంది. పని ఉన్నప్పుడు అలాంటివి ఆలోచించకూడదు.

దానిమ్మచెట్టు దగ్గర ముగ్గురూ ఆగారు. చుట్టూ వెదురు పందిరి. దాని మీద ఏడు నల్లగొంగళ్ళు. గొంగళి ఆకును తాకితే తాకినచోట ఆకు చస్తుంది కనుక పందిరి జానెడు ఎడంగా వేసింది పున్నాగ. చెట్టు మొదట్లో మోకాలెత్తు ఎండుగడ్డి. గడ్డి కింద, వెచ్చదనం నిలవడానికి నిన్న సాయంత్రం నీళ్ళు పెట్టిన నేల. నాలుగు మూలలా ఊక కుంపట్లు కనీ కనపడకుండా రగులుతున్నాయి. చేయి లోపలికి పెడితే నిద్రపోతున్న బిడ్డ దుప్పట్లోకి పెట్టినట్టుంది. కొసకొమ్మలు రెండు మాత్రం గొంగళి అంచు దాటిపోయి తెల్లబడ్డాయి.

"ఇంక పొద్దు పొడుస్తుంది" అంది కనకాంబరం. "తాడు విప్పు. వెలుగు పట్టాలి."

వెలుగు పట్టడమంటే ఆ తోటలో ఏడు తరాల ఆచారం. రాజోద్యానంలో చెట్ల మీద రాత్రి ఏది కప్పినా, సూర్యుడి మొదటి కిరణం పడే వేళకు తీసేయాలి. చెట్టు సూర్యుడికి మొహం చూపించాలి. చూపించకపోతే ఆ ఇంటి మగవాడికి కీడు.

"విప్పను అత్తా."

"ఏమంటివీ?"

"మొదటి రోజు అన్ని చెట్లకీ కప్పాం. తెల్లారేదాకా అన్నీ బాగున్నాయి. నేను కళ్ళారా చూశాను. మొదటి కిరణానికి గొంగళ్ళు తీశాం. రెండు ఘడియల్లో నిమ్మ, సంపెంగ, పొన్న అన్నీ ఉడికించిన ఆకుకూరలా నల్లగా వాలిపోయాయి. గోడవారన ఉన్న బొండుమల్లికి మాత్రం వెలుగు పట్టలేదు. నేను పక్షులకి నీళ్ళు పెడుతూ మరిచిపోయాను. అదీ, ముడి బిగుసుకుపోయి ఆలస్యంగా విప్పిన ఈ దానిమ్మా తప్ప ఏదీ బతకలేదు. నిన్నంటే మబ్బు పట్టి ఎండే రాలేదు."

"అయితే?"

"చలి చంపలేదత్తా వాటిని. గడ్డకట్టిన వేళ్ళను తీసుకెళ్ళి నిప్పుల్లో పెట్టినట్టు చేశాం మనం. మంచు మెల్లగా కరగాలి. పొద్దు బారెడెక్కాక తీద్దాం."

"నా కొడుకు పిట్టై చెట్ల మీద తిరుగుతుంటే, వాడికి కీడు చేసే పని చేయమంటావా నన్ను?" కనకాంబరం గొంతు పగిలింది. "మా అత్త చేసింది, వాళ్ళత్త చేసింది. నీకొక్కదానికే తెలివి పుట్టుకొచ్చిందా?"

"నాకు మాత్రం ఆయన ఏమవుతాడత్తా?"

కనకాంబరం కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడు తోట వాకిట్లో పావుకోళ్ళ చప్పుడైంది. తెల్లటి గడ్డం, భుజాన దర్భాసనం, చేతిలో కమండలం. మూడు రోజులుగా కనిపించని రాజపురోహితుడు సోమదేవుడు నడిచొస్తున్నాడు.

"అయ్యవారూ! బతికే ఉన్నారా!" కనకాంబరం ఎదురెళ్ళి కాళ్ళ మీద పడింది.

"దైవకృప తల్లీ. పాడుబడ్డ గుళ్ళో దాక్కున్నాను. వెలుగు పట్టే వేళైందని పరుగున వచ్చాను. ఇంకా తీయలేదేం? ఈ ఒక్క పొద్దు తప్పితే ఆరువందల ప్రాణాలకు ముప్పు."

"చెప్పండి అయ్యవారూ, మా కోడలికి మీరైనా చెప్పండి!"

పున్నాగ అతన్నే చూస్తోంది. అత్త మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వస్తోంది. రాకుమారుడి ముక్కుల్లోంచి వస్తోంది. తన ఊపిరి తన కళ్ళ ముందే తెల్లగా తేలుతోంది. పరుగున వచ్చానన్న ఈ ముసలాయన నోటి ముందు గాలి మాత్రం తేటగా ఉంది. ఆయన అంత మాట్లాడాడు, ఆవగింజంత ఆవిరి లేదు.

"మంకెనా" అంది పున్నాగ నెమ్మదిగా. "అయ్యవారికి కాస్త వేడినీళ్ళు ఇవ్వు. చలికి వణుకుతున్నారు."

రాకుమారుడికి అర్థమైంది. చెంబందుకుని నాలుగడుగులు వేసి, పొగలు కక్కే నీళ్ళు ఆ గడ్డం మీద విసిరికొట్టాడు. గడ్డం సుయ్యిమంది. ముసలి మొహం మైనంలా జారి, దాని కింద నీలంగా మెరిసే మంచు మొహం బయటపడింది.

"పారిపో అత్తా! వీడు హిమకరాళుడు!"

పున్నాగ అరిచేసరికే ఆలస్యమైంది. అయ్యవారి మాట చెవిన పడగానే, ఇటు తిరిగైనా చూడకుండా చెట్టు దగ్గరికి పరుగెత్తింది కనకాంబరం. ఏడు తరాల భక్తి, కన్నకడుపు భయం ఆ చేతుల్లో ఉన్నాయి. ముడి లాగింది. ఏడు గొంగళ్ళూ జారి నేలపడ్డాయి.

సరిగ్గా అప్పుడే తూర్పుకొండ మీద ఎర్రటి అంచు లేచింది.

మంచు పట్టిన తోటంతా ఒక్కసారిగా అంటుకున్నట్టయింది. ప్రతి ఆకూ దీపం, ప్రతి పోచా ఒత్తి. ఆ వెలుగు నేరేడు కొసల మీంచి పాకుతూ దానిమ్మ తల మీదికి దిగింది. తెల్లబడ్డ కొసకొమ్మల ఆకులను తాకగానే అవి చిటపటమని నల్లబడ్డాయి. మొదటి పండు ఆ కొమ్మలకు మూరెడు కిందే ఉంది.

"అయిపోయింది" అన్నాడు హిమకరాళుడు తృప్తిగా. "మీ చేత్తో మీరే చేసుకున్నారు. ఇన్ని మంత్రాలు నేర్చాను, మీ ఆచారమంత పదునైనది నా దగ్గర లేదు."

మాంత్రికుడి మొహాన్ని అప్పుడు చూసిన కనకాంబరం కొయ్యబారిపోయింది. పున్నాగ ఒక గొంగళి ఎత్తి విసరబోయింది. ఏడుమూరల గొంగళి, మంచుకు బరువెక్కి ఉంది. పందిరి పైకి చేరలేదు. రెండోసారి ప్రయత్నించింది. వెలుగు ఇంకో బెత్తెడు దిగింది.

ఆ గొంగళ్ళను తాకలేని రాకుమారుడు అప్పుడు కొంగు తీసి నడుముకు చుట్టాడు. గాజులు నేలకేసి కొట్టాడు. కోటవాకిట్లో సేన కోసం అతను రోజూ పెట్టే కేక, ఇల్లిల్లూ గాలిస్తున్న భటుల చెవిన పడితే తల తెగుతుందని తెలిసిన కేక, గుండెల నిండా గాలి పీల్చి పెట్టాడు.

"వసంతగిరి సేనా! వ... ర... స!"

కొబ్బరిచిప్పల దగ్గర తగువులాట ఆగింది.

ఒక్క క్షణం ఏ రెక్కా కదల్లేదు. తర్వాత వందల రెక్కలజతల చప్పుడు, కొండ మీంచి వాన దిగినట్టు. పక్షులు లేచాయి. గుంపుగా కాదు, బారులు బారులుగా. పిచ్చుకలు ముందు, గోరింకలు వెనక, చిలకలు అటూ ఇటూ. దానిమ్మ మీద వాలాయి. కింది కొమ్మ నిండాక పై కొమ్మ, అది నిండాక ఆ పైది. ఒకదాని పక్కన ఒకటి భుజం భుజం ఆనించి, ఈకలు పూరించి, వీపులు సూర్యుడికి పెట్టాయి. మూడు పళ్ళ చుట్టూ మూడు పొరలు. నాలుగు రెప్పపాట్లలో చెట్టు కనిపించలేదు. చెట్టంత ఎత్తున ఒక పెద్ద పక్షి రెక్కలు ముడుచుకుని కూర్చున్నట్టుంది. మెల్లగా ఊపిరి పీలుస్తోంది.

కనకాంబరం నేల మీద మోకరిల్లింది. పున్నాగ చేతిలోని గొంగళి జారిపోయింది. వీళ్ళకు గుర్తుందా అని మూడు రోజులుగా అడగలేకపోయిన ప్రశ్నకు జవాబు ఇంత పెద్దదిగా వస్తుందనుకోలేదు ఆమె.

"కీర్తిసాగరా! చీరలో దాక్కున్నావా!" హిమకరాళుడు పళ్ళు కొరికి చేయి చాచాడు. చేతిలో నుంచి మంచుబల్లెం మొలిచి రివ్వున వచ్చింది. రాకుమారుడు పక్కకు దూకాడు. బల్లెం బావి గిలకను రెండుగా చీల్చింది. రెండో బల్లేనికి గాడిపొయ్యి మీది ఇనుప మూకుడు అడ్డం పెట్టాడు. మూడోది భుజాన్ని గీరింది. గడ్డివామి ఎక్కాడు, దాని మీంచి గోడెక్కాడు, గోడ మీంచి గద్దలా దూకి, గడ్డిలో దాచిన కత్తిని లాగుతూనే వేటు వేశాడు. మాంత్రికుడి కుడిచేయి మోచేతి దగ్గర తెగింది. నెత్తురు రాలేదు. చేయి రాతి మీద పడి పలకలు పలకలుగా పగిలింది.

మాంత్రికుడు పెట్టిన కేకకు నేరేడు కొమ్మల గాజుకడ్డీలన్నీ రాలిపోయాయి.

"నీలవేణి నది గడ్డకట్టింది రాకుమారా! నా సేన దాని మీద నడిచొస్తుంది. పొద్దు నడినెత్తికెక్కేలోపల ఈ తోటలో ఊపిరి మిగలదు!" అంటూనే తెల్లటి సుడిగాలిగా మారి, గోడల మీది భటులనూ తనతో చుట్టుకుని దాటిపోయాడు.

పక్షుల వీపుల మీద ఎండ పడుతోంది. వాటి మధ్య నుంచి ఒక నీటిచుక్క జారింది. కాసేపటికి ఇంకొకటి. మంచు మెల్లగా, తొందరేమీ లేనట్టు కరుగుతోంది. పున్నాగ ఆ చుక్కలనే చూస్తూ నిలబడింది. మధ్యమధ్య చెట్టు మీంచి ఒక పక్షి చప్పుడు లేకుండా గడ్డి మీద రాలేది. వెంటనే దాని చోటులోకి పక్కది జరిగేది. రాలినదాన్ని ఆమె ఎత్తుకెళ్ళి కుంపటి పక్కన పెట్టేది.

పొద్దు బారెడెక్కింది. లోపలెక్కడో టప్‌మని చిన్న చప్పుడైంది, పెసరకాయ చిట్లినట్టు.

పక్షులు రెండు వైపులా జరిగి దారిచ్చాయి. మొదటి పండు పగిలి ఉంది. లోపల కెంపులు కుప్పపోసినట్టు గింజలు. వాటి ఎరుపు పున్నాగ మొహం మీద, చేతుల మీద, మంచు మీద పడింది. ఆమె పండు కోసి పళ్ళెంలో ఒలిచింది. ఇందాక కొబ్బరిచిప్ప దగ్గర కొట్టుకున్న పక్షులే ఇప్పుడు వరసలో వచ్చాయి. ఒక్కో ముక్కుకు ఒక్కో గింజ. రెండోది అడిగినది లేదు.

మొదటి పిచ్చుక గింజ మింగింది. ఒళ్ళు విదిల్చింది. ఆ చోట మోకాళ్ళ మీద ఒక మనిషి. జుట్టులో మంచు, ఒంటి నుంచి పొగలు, కళ్ళలో నీళ్ళు. లేచి రాకుమారుడికి దండం పెట్టి, చెట్టుకు వీపు చేసి కాపలా నిలబడ్డాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత పది మంది. ప్రతివాడు లేచినప్పుడల్లా ఇద్దరాడవాళ్ళూ మెడ చాచి చూశారు. అతను కాదు. ఇతనూ కాదు. తోట సగం మనుషులతో నిండింది. వాళ్ళలో నాగసూరి లేడు.

పళ్ళెంలో ఒక్క గింజ మిగిలింది. చెట్టు మీద ఇంకా సగం సేన పక్షులుగానే ఉంది. రెండో పండు పగలాలంటే ఇంకా రెండు పొద్దులు కావాలి.

"పున్నా" అంది కనకాంబరం. ఆమె మొహం ఒక్క పూటలో పదేళ్ళు ముసలిదైంది. "వాడి పేరు పిలువు. నువ్వెప్పుడూ పిలవలేదు, ఇప్పుడు పిలువు. వస్తాడు. నువ్వు పిలవకపోతే నేను పిలుస్తా..."

ఆ ఇంటి ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. పదకొండేళ్ళుగా పలకని ఆ నాలుగక్షరాలు పున్నాగ గొంతు దాకా వచ్చాయి. చెట్టు మీది పక్షులన్నీ ఆమెనే చూస్తున్నాయి. అన్నీ గుండ్రటి కళ్ళే.

కుంపటి పక్కన పెట్టినవాటిలో ఒక పిచ్చుక ఇంకా వెల్లకిలా పడి ఉంది. చెట్టు కొసన, పండుకు మూరెడు పైన కూర్చుని రాలిన పక్షి అది. కాళ్ళు బిగిశాయి. ముక్కు ఒకసారి తెరుచుకుంది, మూసుకుంది. చాలాసేపటికి మళ్ళీ తెరుచుకుంది. దానికి రెండు పొద్దులు లేవు. రెండు నిమిషాలు కూడా లేవు.

కనకాంబరం నోరు తెరవబోయింది. పున్నాగ ఆ నోటి మీద చేయి పెట్టింది.

"పిలవకత్తా. పిలిస్తే వస్తాడు. వస్తే నేను ఇవ్వకుండా ఉండలేను."

అత్త కళ్ళ నుంచి కారిన నీళ్ళు ఆమె వేళ్ళ మీద వెచ్చగా పడ్డాయి. కాసేపటికి ఆ తల ఊగింది. పున్నాగ వంగి, గింజను గోటితో చిదిమి, ఆ ఎర్రటి రసం పిచ్చుక నోట్లో చుక్కచుక్కగా వేసింది.

గడ్డి మీద అరవయ్యేళ్ళ మనిషి దగ్గుతూ లేచి కూర్చున్నాడు. కోట మీద నగారా మోగించే పోలినాయుడు. ఆమె మొహం వైపు, ఖాళీ పళ్ళెం వైపు చూశాడు. అర్థమైంది. కర్రల కోసం తడుముకుంటూ బురుజు మెట్ల వైపు పరుగెత్తాడు.

ధాం... ధాం... ధాం! నగారా మోగింది. మూడు రోజుల తర్వాత కోటలో మనిషి చేసిన మొదటి చప్పుడు. పడిపోయిన బల్లాలను చేతులు ఎత్తాయి. రాకుమారుడు చీర మీదే కవచం తొడుక్కుని, మళ్ళీ మనుషులైనంత సేనను నది వైపు నడిపించాడు. ఉత్తరాన నీలవేణి అద్దంలా మెరుస్తోంది. దాని అవతలి ఒడ్డున తెల్లటి గీత ఒకటి కదులుతోంది, వెడల్పవుతోంది. మంచు మీద వేల పాదాల బరువుకు నది మూలుగు తోటదాకా వినిపించింది.

"అటు కొస నువ్వు పట్టుకో అత్తా" అంది పున్నాగ. "ఇంకా రెండు పళ్ళున్నాయి. వాడి చలి వాటిని తాకకూడదు."

ఇద్దరూ కలిసి తడిసిన గొంగళిని కుంపట్ల సెగకు ఆరబెట్టి, పందిరి మీదికి ఎత్తారు. రెండోది, మూడోది. నాలుగో గొంగళి అంచును అదిమిపెట్టడానికి బరువు చాలలేదు. కొస గాలికి లేస్తోంది. చెట్టులో నుంచి ఒక గోరింక, రెండు చిలకలు, నాలుగు పిచ్చుకలు బయటికి వచ్చి, ఆ అంచును ముక్కులతో పట్టుకుని కిందికి లాగాయి. అలాగే పట్టుకుని ఉన్నాయి.

పున్నాగ ముడి వేసింది. నది మీద మొదటి బాణం ఎగిరింది.